డేగబండి ఎదుగుదల పట్టిక

నోటీసులో రెండే వాక్యాలున్నాయి. పదిహేనేళ్ళు దాటిన వాహనాలన్నింటినీ నలిపి తుక్కు చేయడమైనదని మొదటి వాక్యం. తన కారు వాకిట్లో నిక్షేపంగా ఉంది కాబట్టి అది తన గురించి కాదనుకుంది నాగరత్నం. రెండో వాక్యం ఆమె గురించే. ప్రాచీన వాహనమని ధ్రువపత్రం పొందిన వాటికి మినహాయింపు కలదు, పొందనివారు ముప్పై రోజులలో వాహనమును తుక్కు యంత్రమునకు అప్పగించవలెను.

ఆమె భయపడలేదు. కారుకి అరవై ఏళ్ళు. ప్రాచీనమైనదని నిరూపించడానికి కారును చూపిస్తే సరిపోతుందనుకుంది. ఆ తర్వాత జరిగిన అయిదేళ్ళ యుద్ధంలో ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ఆ కారు పేరు థండర్‌హాక్. 1964లో అమెరికాలో పుట్టింది. రెండు తలుపులు, పైకప్పు లేని ఒళ్ళు, మంచమంత బానెట్టు, గుండ్రటి దీపాలు, ముక్కు మీద రెక్కలు విప్పిన డేగ బొమ్మ. గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన మోజుపడి ఓడ మీద తెప్పించుకుని, మన రోడ్ల మీద రెండు నెలలు నడిపి, నడుం పట్టేసి వదిలేశాడు. నాగరత్నం తండ్రి పరదేశి దాన్ని కొన్నాడు. గంటకి రెండు వందల కిలోమీటర్లు పరుగెత్తే ఆ బండిని గంటకి మూడు కిలోమీటర్ల వేగంతో నడిపితే బ్రహ్మాండంగా పనికొస్తుందని కనిపెట్టినవాడు ప్రపంచంలో ఆయనొక్కడే. ఊరేగింపుకి ఎర్రటి డేగబండి వచ్చిందంటే బెజవాడలో పెళ్ళికొడుకు ఎలా ఉన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

పరదేశి పోయాక పాతికేళ్ళుగా స్టీరింగు నాగరత్నం చేతిలో ఉంది. ఆమెకి పొలం లేదు, వేరే పని రాదు. పెళ్ళిళ్ళ కాలంలో ఆ కారు కదిలితేనే ఇల్లు గడుస్తుంది. తుక్కు యంత్రం గురించి ఆమెకి తెలిసింది ఒక్కటే. అందులోకి వెళ్ళిన కారు సూట్‌కేసంత అయి బయటికొస్తుంది.

ప్రాచీన వాహన సంరక్షణ మండలికి సంయుక్త అధికారి తాళ్ళూరి కోదండపాణి. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఆయన శిశు సంక్షేమంలో పనిచేశాడు. పిల్లల బరువులకి చుక్కలు పెట్టి, చుక్కలు కలిపి గీత గీసే ఎదుగుదల పట్టికలు ఆయన చేతి మీదుగా లక్షల్లో వెళ్ళాయి. వాహనాల గురించి ఆయనకి ఏమీ తెలియదు. బదిలీకి అది అడ్డు రాలేదు.

"ఎన్నో పేజీ?" అని అడిగాడు ఆయన, కారును చూసి.

"పేజీ ఏంటి సార్? కారు."

కోదండపాణి తన బల్ల మీది నున్నటి పుస్తకం తెరిచాడు. థండర్‌హాక్ నమూనా చిత్రం పంపవలసిందని మండలి అమెరికా కంపెనీకి రాస్తే, కంపెనీవాళ్ళు అమ్మకాల విభాగం నుంచి ఆ పుస్తకం పంపారు. పేరు 'థండర్‌హాక్: ఆరు తరాల ప్రస్థానం'. పేజీకొక బొమ్మ. మొదటి పేజీలో నాగరత్నం కారు, ఆరో పేజీలో ఈ ఏడాది వచ్చిన కారు.

"ఈ వాహనం అరవై ఏళ్ళలో ఆరు పేజీలు ఎదగవలసి ఉండగా, మొదటి పేజీ వద్దనే నిలిచిపోయినది," అన్నాడు కోదండపాణి. "దీన్ని మా పరిభాషలో ఎదుగుదల లోపం అంటాము. తల్లిదండ్రుల నిర్లక్ష్యం వల్ల వస్తుంది."

"సార్, అవి ఆరూ వేరే వేరే కార్లు. కంపెనీవాళ్ళు పదేళ్ళకోసారి కొత్తది చేసుకుంటూ పోయారు. నాది మొట్టమొదటిది."

"పేరు ఒక్కటే కదా?"

"ఒక్కటే."

"కంపెనీ?"

"ఒక్కటే."

"ముక్కు మీద పక్షి?"

"అదీ ఒక్కటే."

"మరి వేరే వేరే ఎలా అవుతాయి? నా చిన్నప్పటి ఫొటో, ఇప్పటి ఫొటో చూపించి ఇద్దరు కోదండపాణులని అంటారా?"

నాగరత్నం సంచిలోంచి తన తండ్రి దాచిన పెళ్ళి ఫొటో తీసింది. 1966 నాటిది, నలుపు తెలుపుది. కారు, మెడలో దండలతో పెళ్ళికొడుకు, స్టీరింగు ముందు పరదేశి. "ఇది చూడండి సార్. అప్పుడెట్టా ఉందో ఇప్పుడూ అట్టాగే ఉంది."

కోదండపాణి ఫొటోని కారు పక్కన పెట్టి చూశాడు. "చిత్రంలో వాహనం నలుపు. ఎదురుగా ఉన్నది ఎరుపు. రంగు మార్చినట్టు మీరే రుజువు తెచ్చారు. మీరు ఆడవారు కాబట్టి దీన్ని నేను నమోదు చేయడం లేదు." ఫొటో తిరిగి ఇచ్చేశాడు. "ఇక రెండవ విషయం. అట్టాగే ఉంది అన్నారు. ప్రాచీనత అంటే కాలం గడిచిన ఆనవాలు. ఆరు తరాలు గడిచాయనడానికి ఈ వాహనం మీద ఒక్క ఆనవాలు ఉన్నదా? ఉన్నది ఉన్నట్టే ఉన్నదాన్ని ఏమంటారు?"

"ఏమంటారు సార్?"

"కొత్తది అంటారు."

గుమాస్తా భీమేశ్వరరావు టేపుతో వచ్చి, కారును రెండో పేజీ బొమ్మతో పోల్చాడు. ఆ తర్వాత బానెట్టు ఎత్తి, చాసిస్ మీద చెక్కిన నంబరు పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకున్నాడు. ఆ రోజు ఆఫీసులో జరిగిన పనుల్లో కారుతో సంబంధమున్నది అదొక్కటే.

"తేడాలు ఏడు సార్," అన్నాడు.

"ఏడు తేడాలు," అన్నాడు కోదండపాణి. "ముప్పై రోజుల్లో సరిచేసుకుని రెండవ పేజీకి తీసుకురండి. తదుపరి ఏడాదికొక పేజీ చొప్పున. తొందరపడి ఒకేసారి ఆరవ పేజీకి తేవద్దు, అకాల ఎదుగుదల కూడా లోపమే. నిబంధన తొమ్మిది ప్రకారం వాహనం నుండి ఏ భాగమునూ తొలగించరాదు. తొలగిస్తే ప్రాచీనత నశించును."

"ఏదీ తీయకుండా మార్చేదెట్టా సార్?"

"విధానం మండలి పరిధిలోకి రాదు," అన్నాడు కోదండపాణి.

ఆటోనగర్లో జాన్ సైదా మేస్త్రి షెడ్డుకి బోర్డు లేదు, అవసరం రాలేదు. నుజ్జయిన లారీ ముఖాన్ని సుత్తితో తిరిగి ముఖంలా చేయగల టింకరింగ్ మేస్త్రి అతను. డేగబండికి ముప్పై ఏళ్ళుగా సుత్తి పని పడలేదు. అతను దాన్ని తుడవడం మాత్రమే చేస్తాడు.

"ఏందక్కా, డేగకి జ్వరమా?"

"ఎదగలేదంట."

"ఏందీ?"

"ఎదగలేదంట సైదా. మొదటి పేజీలోనే ఆగిపోయిందంట. రెండో పేజీకి తెమ్మన్నారు."

సైదా చేతిలో సుత్తి కింద పెట్టాడు. "ఎవరన్నారు?"

"ఆఫీసరు."

సుత్తి మళ్ళీ తీసుకున్నాడు. "యాడుంటాడు?"

నాగరత్నం జరిగిందంతా చెప్పి, పుస్తకంలోంచి జెరాక్సు తీయించిన రెండో పేజీ చూపించింది. అది 1971 నాటి కారు. అమెరికాలో పెట్రోలు మంచినీళ్ళలా దొరికిన రోజులది కాబట్టి, తిని కూర్చున్నవాడిలా అన్ని వైపులా ఊరింది. దీపాలు నాలుగు.

సైదా బొమ్మ చూసి నవ్వలేదు. కారు దగ్గరికి వెళ్ళి బానెట్టు మీద వేలి గణుపుతో కొట్టాడు. బడిగంటలా మోగింది. "విన్నావా? అరవై ఏళ్ళ రేకు. దీని మీద సుత్తెయ్యమంటే నా చెయ్యి ముందు ఇరగ్గొట్టుకుంటా."

"ఎయ్యకపోతే ముప్పయ్యో రోజున యంత్రంలో ఎయ్యాలి."

"ముక్క కూడా తీయకూడదంటన్నావు?"

"ముక్క కూడా."

సైదా కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అక్కా, చలేస్తే చొక్కా మీద కోటేసుకుంటాం. చొక్కా చించుకుంటామా?"

"అంటే?"

"పాత టార్పాలిన్ కప్పి, దాని మీద రేకుతో రెండో పేజీ కుడతా. లోపల మన డేగ గీత పడకుండా పడుకునుద్ది. తోక వైపు మాత్రం మడతబందులు పెడతా, గోడౌను తలుపులా తెరుచుకునేట్టు."

"అదెందుకు?"

"ఎందుకో ఇప్పుడు తెలవదు. తొడిగినోడికి ఇప్పే దారి కూడా తెలియాల గదా."

ఇరవై ఆరో రోజున డేగబండి తన మీద తనే ఎక్కి కూర్చున్నట్టు మండలి ఆవరణలోకి వచ్చింది. కోదండపాణి దాన్ని వేబ్రిడ్జి మీద తూయించాడు. మూడు వందల కిలోలు పెరిగింది. ఆయన సొరుగులోంచి గులాబీ రంగు పట్టిక తీసి, చుక్క పెట్టి, పాత చుక్కతో కలిపి గీత గీశాడు. గీత పైకి వెళ్ళింది. ఆయన ముఖంలో మొదటిసారి సంతోషం కనిపించింది.

"బరువు పెరగడం ఆరోగ్య లక్షణం," అన్నాడు. "ఏం పెడుతున్నారు?"

"రేకు సార్," అంది నాగరత్నం.

రెండో ఏడు మూడో పేజీ. అమెరికాలో పెట్రోలు కరువొచ్చిన కాలంలో పుట్టిన కారు అది. అగ్గిపెట్టెలా చిన్నది, మొదటిదానికన్నా చిన్నది. పెద్ద కారు మీద చిన్న కారు ఎలా తొడగాలో తెలియక నాగరత్నం రెండు రోజులు అన్నం తినలేదు. సైదాకి అర గంట పట్టింది. "బొమ్మలో కొలతలు లేవు గదక్కా. ఆకారం సరిపోతే చాలు." ఆ విధంగా ప్రపంచంలోకెల్లా పెద్దదైన చిన్న కారు తయారైంది. భీమేశ్వరరావు టేపు తీసి, బొమ్మలో దేన్ని కొలవాలో తెలియక తిరిగి జేబులో పెట్టుకున్నాడు. తేడాలు లేవని రాశాడు.

మూడో ఏడు నాలుగో పేజీ. ఆ కాలపు థండర్‌హాక్ దీపాలు బానెట్టులో దాక్కుని, అవసరమైనప్పుడు రెప్పలెత్తి లేస్తాయి. సైదా వాటిని సైకిలు బ్రేకు వైర్లతో లేపాడు. వైర్లు లాగితే ఒకటి లేచి, ఒకటి లేవక, ఊరేగింపులో డేగబండి పెళ్ళికూతురు వైపు వాళ్ళకి కన్ను కొట్టింది. రెండు కుటుంబాల మధ్య మాట పెరిగింది.

ఆ ఏడు ఇంకో చిక్కు కూడా వచ్చింది. చాసిస్ నంబరు మీదికి నాలుగు రేకుల లోతున భీమేశ్వరరావు చెయ్యి పోలేదు. భుజం దాకా దూర్చి, ఇరుక్కుని, సబ్బు నీళ్ళు పోస్తే బయటపడ్డాడు.

"నంబరు మారిందా?" అని అడిగాడు కోదండపాణి.

"మారే అవకాశం లేదు సార్. నాకే అందలేదు, ఇంకొకడికి ఎలా అందుతుంది?"

"అయితే గత ఏడాది ముద్రకి జెరాక్సు తీయండి."

ఆ రోజు నుంచి అదే పద్ధతి. మరుసటి ఏడు జెరాక్సుకి జెరాక్సు తీశారు.

ఇదంతా చదవడానికి సరదాగా ఉంటుంది. నాగరత్నానికి సరదాగా లేదు. కారుకి ఇప్పుడు వైపుకి నాలుగేసి తలుపులు, ఒకదాని వెనక ఒకటి. పెళ్ళికొడుకు ఎక్కాలంటే వరసగా నాలుగూ తీయాలి. ఎక్కాక బావిలో కూర్చున్నట్టు ఉంటుంది. పటమట వీధిలో ఒక ఊరేగింపులో తలపాగా మీది కుచ్చు తప్ప ఏమీ కనిపించక, పెళ్ళికూతురు మేనత్త కారు అంచు పట్టుకుని లోపలికి అరిచింది.

"ఏమయ్యా పెళ్ళికొడుకా, ఉన్నావా?"

"ఉన్నానండీ," అని లోపలి నుంచి సమాధానం వచ్చింది.

"ఉన్నాడంట, కొట్టండి!" అంది ఆవిడ బ్యాండువాళ్ళతో.

మరుసటి నెల నుంచి ఊరేగింపులు సగానికి పడిపోయాయి.

నాలుగో ఏడు భీమేశ్వరరావు జెరాక్సు కోసం ఇచ్చిన పుస్తకంలో అయిదో పేజీ తెరిచి, నాగరత్నం మళ్ళీ మొదటి పేజీకి తిప్పింది. నలభై ఏళ్ళు రకరకాలుగా మార్చి మార్చి, ఏదీ జనానికి నచ్చక, కంపెనీవాళ్ళు చివరికి పాత కారునే తలుచుకుని దానిలాంటిదే మళ్ళీ చేశారు. మంచమంత బానెట్టు, గుండ్రటి దీపాలు, రెక్కలు విప్పిన డేగ. అయిదో పేజీ అచ్చం మొదటి పేజీలా ఉంది.

ఆమె పుస్తకం పట్టుకుని కోదండపాణి గదిలోకి పరుగెత్తింది. "సార్, చూడండి! నేను మొదటి రోజు తెచ్చింది ఇదే కద సార్. మూడు రేకు కోట్లు ఇప్పేస్తే అయిదో పేజీ లోపలే ఉంది."

కోదండపాణి రెండు పేజీలూ ఓపిగ్గా పోల్చాడు. "పోలిక ఉన్న మాట వాస్తవం. కానీ అప్పుడు అది అర్హత లేకుండా అలా ఉన్నది. ఇప్పుడు ఎదిగి అలా ఉండాలి. మీరు ముసలితనంలో పళ్ళూడి పసిపాపలా నవ్వితే మిమ్మల్ని అంగన్‌వాడీలో చేర్చుకోము కదా."

సైదా ఒకదాని మీద ఒకటిగా ఉన్న నాలుగు కార్లు దాటి, అట్టడుగునున్న కారునే మళ్ళీ రేకుతో చేశాడు. లారీ అంత అయింది. అయిపోయాక వేలి గణుపుతో బానెట్టు మీద కొట్టాడు. పాత డబ్బా చప్పుడొచ్చింది.

"పోలిక బాగుందక్కా," అన్నాడు. "పలకదంతే."

ఇక ఆరో పేజీ. అందరూ మెచ్చిన కారును వెంటనే మార్చేయాలని కంపెనీకి ఎందుకో అనిపించింది. ఆరో తరం థండర్‌హాక్ కరెంటుతో నడుస్తుంది. ఇంజను లేదు, పొగగొట్టం లేదు. నాలుగు తలుపులు. జీపులా ఎత్తు. అన్నిటికన్నా ముఖ్యంగా, పైకప్పు ఉంది.

"పైకప్పేస్తే పెళ్ళికొడుకు కనపడడు సార్," అంది నాగరత్నం. "కనపడని పెళ్ళికొడుకుని ఎవరూ ఊరేగించరు. నా పని అయిపోయినట్టే."

"వరుని దృశ్యమానత మండలి పరిధిలోకి రాదు."

పైకప్పు వేశారు. అయిదో ఏటి తనిఖీలో తేడాలు సున్నా. పట్టికలో గీత పై అంచు తాకింది. కోదండపాణి కుర్చీలోంచి లేచి నాగరత్నానికి చెయ్యి కలిపి, చేతిలో ఒక ఉత్తర్వు పెట్టాడు. రాష్ట్రంలో ఆరు పేజీలూ సంపూర్ణంగా ఎదిగిన ప్రాచీన వాహనం ఇదొక్కటే అయినందున, దీనిని ఆదర్శ ప్రాచీన వాహనంగా ప్రకటించి, ప్రజా ప్రయోజనం దృష్ట్యా మండలి మ్యూజియంలో శాశ్వతంగా భద్రపరచుటకు నిర్ణయించడమైనది. యజమానురాలు సోమవారం ఉదయం పదకొండు గంటలకు వాహనాన్ని అప్పగించవలెను.

ఆమె మూడుసార్లు చదివింది. "తుక్కు కాకుండా ఉండాలని కద సార్ ఇదంతా చేసింది."

"తుక్కు కాలేదు కదా."

"నాకు కారుండదు."

"మీకు ప్రశంసాపత్రం ఉంటుంది," అన్నాడు కోదండపాణి. "ఇంకొక సంగతి. అగ్నిమాపక నియమం ప్రకారం మ్యూజియంలోకి పెట్రోలు ఇంజనుతో వాహనాన్ని అనుమతించరు. ఆరవ పేజీ ప్రకారం దీనికి ఇంజను ఎలాగూ ఉండరాదు. ఉన్నచో సోమవారం లోపు సరిచేయండి."

"తీయకూడదన్నారు కద సార్? నిబంధన తొమ్మిది?"

"తీయకూడదు," అన్నాడు ఆయన గంభీరంగా. "ఉండనూ కూడదు."

సైదా షెడ్డులో నాగరత్నం మొదటిసారి ఏడ్చింది. సైదా ఉత్తర్వు అక్షరం అక్షరం చదివించుకుని విన్నాడు. తర్వాత అడిగాడు.

"అక్కా, సోమవారం పొద్దున వాళ్ళకేం కావాలి?"

"ఆరో పేజీలా ఉండాలి."

"ఉంది."

"ఏ ముక్కా తీయకూడదు."

"తీయం."

"ఇంజను ఉండకూడదు."

"ఉండదు."

"ఎట్టా?"

"కారులోంచి ముక్క తీయొద్దన్నారు," అన్నాడు సైదా. "ముక్కల్లోంచి కారు తీయొద్దని రాశారా ఎక్కడన్నా?"

నాగరత్నం కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం సైదా అయిదు కోట్ల తోకలకీ వేసిన బోల్టులు వరసగా విప్పాడు. అయిదేళ్ళ కింద ఎందుకో తెలియకుండా పెట్టిన మడతబందులు కీచుమంటూ తిరిగాయి. గోడౌను తలుపుల్లా ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. లోపల చీకట్లో టార్పాలిన్ కింద రెండు గుండ్రటి ఎర్ర దీపాలు మెరిశాయి. నాగరత్నం తెరిచిన తోక వైపు నుంచి లోపలికి దూరి, స్టీరింగు ముందు కూర్చుని, రివర్సు గేరు వేసింది. అంగుళం అంగుళం చొప్పున డేగబండి వెనక్కి నడుస్తూ తనలోంచి తను బయటికి వచ్చింది.

"కానుపు అయిందక్కా," అన్నాడు సైదా, చెమట తుడుచుకుంటూ.

"బిడ్డకి అరవై అయిదేళ్ళు," అంది నాగరత్నం.

సైదా వేలి గణుపుతో బానెట్టు మీద కొట్టాడు. బడిగంట మోగింది. ఇద్దరూ ఆ చప్పుడు ఆగేదాకా విన్నారు.

ఖాళీ రేకు గూటి కింద సైదా ఇనుప చట్రం వేసి, నాలుగు పాత చక్రాలు తగిలించాడు. పాత నంబరు ప్లేటుకి ఒక జత చేసి బిగించాడు. సోమవారం దాన్ని ట్రాక్టరుతో లాక్కెళ్ళారు. మండలి ఆవరణలో నలుగురు అటెండర్లు ఒక్క తోపు తోస్తే అది మ్యూజియంలోకి జారిపోయింది.

"ఎంత సుతారంగా నడుస్తున్నది!" అన్నాడు కోదండపాణి. వంగి ముందు భాగంలోకి చూశాడు. చీకటి తప్ప ఏమీ లేదు. "ఇంజను లేదు. సంపూర్ణ ఎదుగుదల."

"చాసిస్ ముద్ర సార్?" అన్నాడు భీమేశ్వరరావు.

"జెరాక్సు ఉన్నది కదా?"

"మూడో తరం జెరాక్సు సార్. అంకెలు కనిపించడం లేదు."

"అంటే ప్రాచీనమైనదనే కదా," అని సంతకం పెట్టాడు కోదండపాణి.

అద్దాల గోడ కట్టారు. ఎర్ర తాడు చుట్టారు. తుపాకీ పట్టుకున్న కాపలాదారుని పెట్టారు. '1964 నాటి థండర్‌హాక్, మార్పులు చేయబడనిది' అని ఇత్తడి పలక బిగించారు. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి చూశారు.

పది రోజులకి ఏలూరు రోడ్డు మీద ఎర్రటి డేగబండి ఒక పెళ్ళికొడుకుని నడుము పై నుంచి పూర్తిగా కనిపించేలా కూర్చోబెట్టుకుని, గంటకి మూడు కిలోమీటర్ల వేగంతో వెళ్ళింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, ఈ బండికి పదిహేనేళ్ళు దాటలేదూ?"

"నంబరు కొట్టి చూసుకో బాబూ," అంది నాగరత్నం.

కానిస్టేబుల్ చేతిలోని మిషన్లో నంబరు కొట్టాడు. మ్యూజియంలో భద్రపరచబడినదని వచ్చింది. అతను మండలికి ఫోను చేశాడు. కోదండపాణే ఎత్తాడు.

"ఆ వాహనం మ్యూజియంలో ఉన్నది. నేనే సంతకం చేశాను."

"సార్, నా ముందర ఉంది."

"మీ ముందర ఉన్నట్టు మీ వద్ద పత్రం ఉన్నదా?"

"లేదు సార్."

"మ్యూజియంలో ఉన్నట్టు నా వద్ద ఉన్నది."

కానిస్టేబుల్ ఫోను పెట్టేసి, డేగబండిని పై నుంచి కింది దాకా చూశాడు. ఇంజను చప్పుడవుతోంది. బ్యాండు మోగుతోంది. పెళ్ళికొడుకు అతనికి నమస్కారం పెట్టాడు.

"ఇక్కడేం లేదు," అని కానిస్టేబుల్ తనకి తనే చెప్పుకుని, ఈల వేసి, బస్సులు ఆపి దారిచ్చాడు. లేని కారుకి వయసు చూసే నిబంధన ఏదీ లేదు.

ఫాల్గుణం రాబోతుండగా ఒక సాయంత్రం కోదండపాణి నాగరత్నం ఇంటికి వచ్చాడు. వాకిట్లో డేగబండి ఉంది. ఆయన దాన్ని చూడకుండా పక్క నుంచి నడిచి వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగాడు.

"మా అబ్బాయి పెళ్ళి," అన్నాడు. "ఊరేగింపు డేగబండిలోనే జరగాలని వాళ్ళమ్మ పట్టు."

"డేగబండి మ్యూజియంలో ఉంది కద సార్. మీరే సంతకం పెట్టారు."

"అవును." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఆ లేని కారు... పన్నెండో తారీఖున ఖాళీగా ఉన్నదా?"

"ఏ డేగబండి సార్ కావాల్సింది? ఎదిగిందా, ఎదగందా?"

కోదండపాణి జేబులోంచి కవరు తీసి, అందులోంచి ఒక ఫొటో తీశాడు. "ఇదిగో, ఇటువంటిది."

రంగుల ఫొటో. ముప్పై రెండేళ్ళ కిందటిది. ఎర్రటి డేగబండి, నంబరుతో సహా స్పష్టంగా ఉంది. వెనక సీట్లో బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు. స్టీరింగు ముందు పరదేశి, తెల్ల చొక్కాలో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. నాగరత్నం ముందు తండ్రిని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కారును చూసింది.

"ఈ ఫొటో అయిదేళ్ళ కిందట మీ దగ్గర ఉందా సార్?"

"మా బీరువాలోనే ఉన్నది."

"రంగుది. నంబరు కనపడతంది. నా కారు ఇట్టాగే ఉండేదని మీకు ముందే తెలుసు."

"తెలుసు," అన్నాడు కోదండపాణి. "కానీ అది వ్యక్తిగత చిత్రం. ఆఫీసు పనికి వ్యక్తిగత ఆస్తిని వాడడం నియమ విరుద్ధం."

నాగరత్నం ఫొటోని చేయి చాపి పట్టుకుని, ఆయన ముఖం పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూసింది.

"ఈ పెళ్ళికొడుకు ఎవరు సార్?"

"నేనే."

"సరిపోవట్లేదు," అంది నాగరత్నం. "జుట్టు ఒకటి. మీసం రెండు. కళ్ళద్దాలు మూడు. గడ్డం కింద గడ్డం నాలుగు. పొట్ట అయిదు. చెవుల మీద వెంట్రుకలు ఆరు. ఫొటోలో ఆయనకి నవ్వడం వచ్చు, అది ఏడు."

ఫొటో కవరులో పెట్టి ఆయన చేతికిచ్చి, కారు దగ్గరికి వెళ్ళి తలుపు తీసింది. ఒకటే తలుపు.

"ఏడు తేడాలు సార్. ముప్పై రోజుల్లో సరిచేసుకుని రండి, అప్పుడు మీ అబ్బాయి సంగతి చూద్దాం. ఏ భాగమూ తొలగించకూడదు."

డేగబండి బెజవాడ వైపు బయల్దేరింది, ఆమెకి ఆ సాయంత్రం ఇంకో పెళ్ళి ఉంది. కోదండపాణి వాకిట్లో నిలబడి, అలవాటు కొద్దీ పెన్ను తీసి, కవరు మీద గడువు తేదీ రాసుకున్నాడు.